కాగితం లేని రెండు నిమిషాలు

రాజోలులో మా తమ్ముడు పోయాడన్న కబురు వచ్చేసరికి నేను వసారాలో బియ్యం చెరుగుతున్నాను. ప్రార్థన అయింది, కాఫీ అయింది, పాలమనిషి వెళ్లింది. రోజూలాంటి ఉదయమే. కబురు తెచ్చినాయన సైకిలు దిగి, "తెల్లారగట్ల గుండె ఆగిపోయిందండీ" అన్నాడు. "ఆయ్" అన్నాను. చేట చేతిలోనే ఉంది.

నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు. బడిపంతులు. డెబ్భైల్లో నన్ను మా చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిని చేసినప్పటి నుంచి, కాగితం చూడకుండా మాట్లాడమని నా వెంటపడ్డాడు. నాలుగు రోజులు కూర్చుని రాసుకున్న ప్రసంగం లాక్కుని, చేతికి ఈ చేటే ఇచ్చేవాడు.

"దీని గురించి రెండు నిమిషాలు. ఆగకూడదక్కయ్యా."

"చేట గురించి ఎవరు వింటార్రా?"

"నేను వింటాను. కానియ్."

ఒకసారి చేట, ఒకసారి కొబ్బరిచిప్ప, ఒకసారి తెగిన నా చెప్పు. మూడో మాటకే ఆగిపోయేదాన్ని. "తప్పు వస్తే రానీ, తరవాతి మాట చెప్పు" అని నవ్వేవాడు. బాగుందని ఒక్కనాడూ అనలేదు. ఒళ్లు మండేది.

ముమ్మిడివరం సభకి అతని మాట వినకుండా కంఠతా పట్టి వెళ్లాను. సగంలో మరిచిపోయాను. బిగుసుకుపోయి నిలబడితే, మౌన ప్రార్థన అనుకుని అందరూ కళ్లు మూసుకుని తలలు వంచారు. గతిలేక "ఆమేన్" అని కూర్చున్నాను. "ఎంత బాగా ప్రార్థన చేసేరండీ!" అని బయట చేతులు పట్టుకున్నారు. తల ఎత్తలేకపోయాను.

అమలాపురం దాకా బస్సులో నవ్వుతూనే ఉన్నాడు నాకు తోడొచ్చిన తమ్ముడు. ఆఖరికి, "దేవుడి ముందు ఏనాడైనా కాగితం పట్టుకున్నావా అక్కయ్యా?" అన్నాడు.

"దేవుడు మధ్యలో నవ్వడురా" అన్నాను.

ఇప్పుడు నవ్వేవాడు లేడు. జ్ఞాపకార్థ కూడికలో అతని గురించి చెప్పవలసింది ఇంటికి పెద్దదాన్ని, నేనే. మా వాళ్లలో అది రాసి చదవడం ఆనవాయితీ. భూస్థాపన అయిన సాయంత్రం రాయడానికి కూర్చుని ఆరు కాగితాలు చింపాను. పుట్టిన ఊరు, చేసిన కొలువు. అన్నీ నిజాలే, ఒక్కదాంట్లోనూ వాడు లేడు. ఎవరిమీదో తెలియని విసుగు.

మరదలు వచ్చి ఏడో కాగితం నెమ్మదిగా తీసుకుంది. "వద్దండి వదినగారూ. చదివితే ఆయన ఊరుకోరు."

"ఆగిపోతానమ్మా."

"ఆగితే ఆగండి. మేమంతా ఉంటాం కదండీ."

ఆ సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని తీర్మానించుకున్నాం. కాగితం ఉండదు. నేను ఎంతసేపు ఆగిపోయినా, మా వాళ్లెవరూ కళ్లు మూసుకోకూడదు.