ఆదివారానికి దాచిన గుజ్జు

మా అమ్మ మోకాళ్ళు పాడవడానికి సగం కారణం వయసు, మిగతా సగం ఒక్క మాట. గుడివాడలో ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే పైకెత్తి చూసి, "గుజ్జు అరిగిపోయిందమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పినదేదీ అమ్మ చెవికెక్కలేదు. అరిగేదైతే పొదుపుగా వాడుకోవాలని ఆవిడ అక్కడికక్కడే తీర్మానించుకుంది.

గూడూరు పక్కన మా ఊరికి తిరిగొచ్చాక ఆ పొదుపు మొదలైంది. సోమవారం నుంచి శనివారం దాకా వరండాలో కుర్చీ దిగదు. మంచినీళ్ళు కూడా నేనే అందివ్వాలి. కాస్త వీధి చివరిదాకా నడవమంటే, "ఉన్న కాస్త గుజ్జూ ఆదివారానికి ఉండనివ్వవే" అనేది. ఆదివారం మాత్రం చర్చిలో ముందు వరసలో, చాప మీద మోకాళ్ళూనేది. అయ్యగారి ప్రార్థన ఎంత పొడుగైనా కదిలేది కాదు. ఆమేన్ అన్నాక ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని లేపేవాళ్ళు. సోమవారానికి మోకాళ్ళు బూరెల్లా ఉబ్బేవి. "చూశావా, చర్చిదాకా నడిపించావు" అంటూ ఆ నేరమూ నా నెత్తినే వేసేది.

ఒళ్ళు మండి మళ్ళీ గుడివాడ తీసుకెళ్ళాను. డాక్టరుగారు పాపం మొదట్నుంచీ చెప్పారు. కదలకుండా కూర్చుంటే తొడ కండ బలహీనపడుతుందట, అప్పుడు బరువంతా మోకాలి మీదే పడుతుందట. చదును నేల మీద రోజూ కొంచెం నడవాలి. పడుకుని, కాలు వంచకుండా పైకెత్తి, కాసేపు ఆపి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు. మోకాళ్ళూనడం మాత్రం మానేయాలి. "ప్రార్థన కుర్చీలో చేసుకోండమ్మా" అన్నారాయన. బయటికొచ్చాక అమ్మ, "ఆయనకి మోకాళ్ళ సంగతి తెలుసేమోగానీ ప్రార్థన సంగతి తెలీదు" అని తేల్చేసింది.

ఇక ఇంట్లో రోజూ గొడవే. నేను మంచం పక్కన నిలబడి లెక్కపెట్టడం, ఆవిడ మూడోసారికే కాలు దబ్బున పడేయడం. "ఒకటీ రెండూ అంటావేంటే, నేనేమన్నా ఒకటో క్లాసా?" చివరికి నోరు జారాను. "ఇలాగే ఉంటే మోకాళ్ళూనడం సంగతి అలా ఉంచు, క్రిస్మస్‌కి నిన్ను చర్చికి మోసుకెళ్ళాలి" అన్నాను. ఆ మాటకి భయపడింది.

ఆ ఆదివారం వెనక గోడవారన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. అందరూ మోకాళ్ళూనినప్పుడు ఆవిడ తల ఒక్కటే పైకి కనబడుతోంది. ఇంటికొచ్చి ఏడ్చింది.

"ఇన్నేళ్ళూ వంగి అడిగాను. ఇప్పుడు ఆఫీసరులా కుర్చీలో కూర్చుని ఏమడగమంటావే?"

నాకు ఓదార్చడం చేతకాదు. "కుర్చీలోంచి అడిగితే దేవుడికి వినపడదా?" అని కసిరాను. కసిరినందుకు రోజంతా నా మీద నాకే చిరాకు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మర్నాటి నుంచి లెక్కపెట్టడం మానేశాను. ఎత్తితే ఎత్తుతుంది, లేకపోతే లేదు.

వారం తర్వాత, పొద్దున్నే ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కగదిలోంచి గొణుగుడు వినిపించింది. వెళ్ళి తొంగి చూశాను. అమ్మ వెల్లకిలా పడుకుని, నొప్పి ఎక్కువున్న ఎడమకాలు గాల్లోకి ఎత్తి, గిలకలదిండి చేపల రేవులో ఐసు మోసే మావయ్య భుజం నొప్పి కోసం ప్రార్థిస్తోంది. అది పూర్తయ్యాకే కాలు దించింది. మళ్ళీ ఎత్తింది, ఈసారి పక్కింటి బాలింత కోసం. ఒక్కో ఎత్తుకి ఒక్కో మనిషి. తొమ్మిదిమంది అయ్యాక ఆగి, ఊపిరి పీల్చుకుంది.

"అయిపోయిందా?" అన్నాను గుమ్మంలోంచి.

"ఇంకోటుంది. నీది. నోటి దురుసు దానివి కదా, నీకు ఎక్కువసేపు ఎత్తిపెట్టాలి. అందుకే ఆఖర్న పెట్టుకున్నా."

కళ్ళు మూసుకుని కాలెత్తింది. నేను చేతిలో ఉల్లిపాయతో అలాగే నిలబడ్డాను. తొడ వణుకుతోంది, మడమ వణుకుతోంది, ఎంతకీ దించదు.

"చాల్లే అమ్మా, దించు" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరవలేదు, కాలూ దించలేదు.