విఠల్ కాక ఇంట్లో అన్నీ రెండోవే

ఆడెపు విఠల్ కాక ఏ వస్తువునూ అది బతికుండగా నమ్మడు. కొత్తది ఏది చేతికొచ్చినా అటూ ఇటూ తిప్పి చూసి ఒకే ప్రశ్న అడుగుతాడు: "దీనికి సావు ఎట్లొస్తది?" జవాబు దొరికేదాకా దాన్ని వదలడు. జవాబు దొరికేసరికి ఆ వస్తువు ఉండదు. అప్పుడు బజారుకు పోయి అచ్చం అలాంటిదే ఇంకొకటి కొనుక్కొచ్చి వాడుకుంటాడు. అందుకే కోరుట్లలో అతని ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకూ ఒక అన్నో అక్కో చచ్చిపోయి ఉంటుంది.

ప్లాస్టిక్ కుర్చీ కొన్న రోజు దాని మీద ఇసుక సంచులు పేర్చడం మొదలుపెట్టాడు. అప్పుడే ఇంటికి చుట్టం వచ్చాడు. ఇంట్లో ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే.

"జరసేపు నిలవడు బావా," అన్నాడు కాక. "ఇది ఇరిగినంక కొత్తది తెస్త, కూసుందువు."

గొడుగు కొంటే ఫ్యాను కింద తెరిచి పెట్టాడు. టార్చిలైటు కొంటే రాత్రంతా బకెట్లో ముంచాడు. కొత్త చెప్పుల్లో ఒకదాన్ని కుక్కకు వేశాడు. ఆ కుక్క ఇప్పటికీ అతణ్ణి చూస్తే తోక ఊపుతుంది, ఊళ్లో అతణ్ణి మెచ్చుకునే ప్రాణి అదొక్కటే. మిగతావాళ్లు అతణ్ణి పలగ్గొట్టుడు విఠల్ అంటారు.

"నయం కొడుకా, మా అవ్వగారింట్ల ఆడివిల్లను నేనొక్కదాన్నే," అంటుంది నాతో అతని భార్య రాజలక్ష్మి. "అక్క గిట్ల ఉంటే ముందుగాల దాన్ని చేస్కొని సూసేటోడు."

లోపలి నుంచి కాక గొంతు వినబడుతుంది: "నువ్వు పెండ్లైన కాన్నుంచి పరీక్షలనే ఉన్నవు. ఇంక పాస్ గాలె."

ఈ రోగం అతనికి పుణెలో అంటుకుంది. అక్కడ ఏదో పంపుల కంపెనీలో టెస్టింగ్ సెక్షన్లో పనిచేశాడు. అంటే పంపులను చంపడం అతని ఉద్యోగం. వేడిచేసి చంపడం, చలిలో పెట్టి చంపడం, నీళ్లు లేకుండా తిప్పి చంపడం. వేరేవాళ్లు పుణె నుంచి దుప్పట్లు తెచ్చుకుంటారు. ఇతను ఈ బుద్ధి తెచ్చుకున్నాడు, దాంతోపాటు మనిషి కన్నా ముందు గుమ్మం దాటే ఒక పొట్ట కూడా. కోరుట్ల శివారులో రేకుల షెడ్డు వేసి సొంతంగా సామాను తయారుచేయడం మొదలుపెట్టాడు. తయారుచేయడం అన్నది పొరపాటు మాట. చంపడానికి బజారులో కొనడం ఎందుకని, తానే కని తానే చంపుకునేవాడు.

నేను ఆ షెడ్డులో చేరడానికి కారణం ఉంది. మా బాపు భూమయ్య సారంగాపూర్‌లో తాళ్లెక్కి కల్లు గీస్తాడు. మోకాళ్లు అరిగాయి. చెట్టు దిగమంటే, "నేను దిగితే నువ్వెక్కుతవా?" అంటాడు. నేను జగిత్యాలలో డిగ్రీ సగంలో వదిలేసి, గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా చదివి, ఈ జిల్లాలో తెలివైనవాడు ఎవడూ లేడని తేల్చుకున్నవాణ్ణి. తాడిచెట్టు ఎక్కడం మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అప్పుడే విఠల్ కాక గీత పనివాళ్ల కోసం ప్రాణం కాపాడే బెల్టు చేస్తున్నాడని విన్నాను. ఒక్క బెల్టు మా బాపు నడుముకు చేరితే చాలనుకుని, కోరుట్లలో రూము తీసుకుని పనిలో చేరాను.

బెల్టు గొప్ప సంగతేం కాదు. సిరిసిల్ల మగ్గం మీద నేయించిన దట్టమైన నవారు నడుముకు. దాని కుడి పక్కన ఒక ఇనుప రింగు. చెట్టు చుట్టూ తిప్పిన తాడు కొక్కేన్ని ఆ రింగులో తగిలిస్తే, ఎక్కడానికి ఎప్పటినుంచో వాడే మోకు తాడు జారినా మనిషి కింద పడడు. అంతే. నెలలో అమ్మేయవచ్చు.

విఠల్ కాకకు నెల అంటే ఒక రకం చావుకే సరిపోదు. బెల్టుకు ఇసుక సంచి కట్టి దూలం మీది నుంచి పడేసేవాడు. మళ్లీ లాగి మళ్లీ పడేసేవాడు. లాగేది నేనే. ఒక బెల్టును కల్లులో నానబెట్టాడు. ఒకదాన్ని రేకు మీద ఎండబెట్టాడు. ఒకదాన్ని ఎలుకలున్న ధాన్యం గదిలో వదిలాడు. కొక్కేనికి కుట్టుమిషను మోటారు బిగించి, పొద్దంతా తెరుచుకుని మూసుకునేలా చేశాడు. టకటక, టకటక. మనిషి ఏడాదంతా చేసే పని అది వారంలో చేస్తుందట. ఆ చప్పుడు పక్కన నా బతుకు కూడా వారానికో ఏడాది ముందుకు జరిగిపోయింది.

"సామాను బతుకు మన బతుకు లెక్కనే నరేశూ," అనేవాడు కాక, ఆ టకటక మధ్యలో. "పుట్టంగనే కొన్ని సస్తయి. బతికినయి కొన్నొద్దులు మంచిగ నడుస్తయి. ముసలితనంల మల్ల సావులు మొదలైతయి. మొదటి సావులు మన షెడ్డులనే గావాలె, జనం కాడ గావొద్దు."

"నేను ఏ భాగంల ఉన్న కాకా?"

"నువ్వు మొదటి దాంట్లనే ఉన్నవు. గందుకే నీకు షెడ్డు తాళం ఇయ్యలె."

జగిత్యాలలో వ్యవసాయ పనిముట్ల దుకాణం నడిపే మాధవి ఆ బెల్టుల కోసం వచ్చి వచ్చి విసిగిపోయింది.

"విఠలన్నా, ఇస్తవా ఇయ్యవా? గీత సీజన్ అయిపోతుంది."

"ఇది ఎట్ల సస్తదో ఇంక ఎర్కలేదు చెల్లె."

"అమ్మినంక సస్తే ఎర్కైతది గద."

"అమ్మినంక సచ్చేది బెల్టు గాదు."

క్యాలెండరు మీద అచ్చువేయదగ్గ మాటే. కానీ క్యాలెండరు మా బాపును పట్టుకోదు. నేను ఊరుకోలేదు.

"కాకా, అందరి సంగతి నాకెందుకు. మా బాపుకు ఒక్కటియ్యి. సంచి పడేసినవు, తెగలె. కల్లుల నానబెట్టినవు, తెగలె. ఎలుకలు సుత ముట్టలె. ఇంకేం గావాలె నీకు?"

"తెగలేదంటే బెల్టు మంచిదని గాదు. తెంపుడు నాకు చాతనైతలేదని."

"బెల్టు లేకుంటనే ఎక్కుతుండు గద. ఎట్లనో ఒకటి ఉండుడు నయం గాదా?"

"లేదని ఎర్కున్నోడు బయంతోని ఎక్కుతడు. ఉన్నదనుకున్నోడు బయం లేకుంట ఎక్కుతడు. పడేది గాయననే."

ఇలాంటి మాటలకు జవాబు వెంటనే దొరకదు. రూముకు పోయి పడుకున్నాక దొరుకుతుంది, అప్పుడు వినడానికి ఎవరూ ఉండరు.

ఇంతలో కాక పొద్దున్నే షెడ్డుకు రావడం మానేశాడు. మోపెడ్ మీద గోనెసంచులు కట్టుకుని ఎటో పోయేవాడు, ఎండెక్కాక వచ్చేవాడు. అడిగితే "పనున్నది" అనేవాడు. సంగతి మా ఊరి శంకరవ్వ బస్టాండులో కనబడి చెప్పింది. ఆమెది మా పక్కిల్లు.

"ఏందిరా, మీ సేటు రోజు మీ తాళ్లల్లనే ఉంటుండు గద. కల్లు లొట్టి దిగేదాక కింద కూసొని మీది మీదికే సూత్తడు. మీ బాపు గీసే కల్లంత గాయన పొట్టకే సరిపోయెటట్టున్నది."

నాకు ఒళ్లు మండింది. బెల్టు ఇవ్వడు, మా బాపు బెల్టు లేకుండా దించిన కల్లు మాత్రం తాగుతాడు. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కాను. దారి పొడవునా అనాల్సిన మాటలు పేర్చుకున్నాను. చాలా మంచి మాటలు. ఇప్పటికీ వాడకుండా అలాగే ఉన్నాయి.

తాళ్లల్లోకి పోయేసరికి విఠల్ కాక ఒక చెట్టు మొదట్లో గోనెసంచులు పరుస్తున్నాడు. వాటి నిండా సిరిసిల్ల మగ్గాల కింద ఊడ్చిన దూది పీచు. మెత్తగా, ఎత్తుగా, పెండ్లి మంచం మీద పరుపులా పరిచి, ఆ పొట్టతో వంగి మూలలు సర్దుతున్నాడు. మా బాపు నడుముకు బెల్టు ఉంది. అతను చెట్టు మీద ఒక మనిషెత్తున ఆగి ఉన్నాడు.

"ఏందిది?" అన్నాను.

"ఇంతే ఎత్తు వరకు బెల్టుతోని ఎక్కనిస్తడు," అన్నాడు బాపు పైనుంచి, ఫిర్యాదుగా. "మల్ల దింపి బెల్టు గుంజుకుంటడు. అటెన్క నేను మోకుతోని పైకెక్కి గీసుకునేదాక ఈ సంచులు చెట్టు చెట్టుకు గుంజుకుంట తిరుగుతడు. ఊరంత నవ్వుతుండ్రు. చుక్క కల్లు ముట్టడు, షుగరట."

"నాకెందుకు చెప్పలె?" అని కాకను అడిగాను.

"నువ్వు కొడుకువు. పక్కనుంటే సక్కగ కట్టుకో అని చెప్తవు. మీ బాపును తప్పు చెయ్యనియ్యవు. నాకు తప్పు గావాలె."

అప్పుడే బాపు మోకును పైకి ఎగరేయబోయాడు. కాలు జారింది. తాడు ఆపలేదు. పుటుక్కుమని ఏదో తెగింది. బాపు వచ్చి సంచుల మీద మెత్తగా కూలబడ్డాడు, దూది పీచు మా ముగ్గురి మీదా మంచులా కురిసింది.

నేను బాపు దగ్గరికి ఉరికాను. విఠల్ కాక బెల్టు దగ్గరికి ఉరికాడు.

"దొర్కింది," అన్నాడు. తెగిన కొసను పైకెత్తి చూపించాడు. "దొర్కింది బావా. సావు దొర్కింది."

"నేను పడితే గింత సంబురపడ్డోన్ని నిన్నే సూసిన," అన్నాడు బాపు, నోట్లోంచి దూది తీసుకుంటూ.

చావు ఇలా వచ్చింది. కుడి పక్కన లొట్టి తగిలించుకోవడం మా తాతల నుంచి వస్తున్న అలవాటు. కుడి పక్కన ఏ రింగు కనబడినా మావాళ్ల చెయ్యి దానికి లొట్టినే తగిలిస్తుంది, అడగకుండానే. రింగులో లొట్టి ఉండడంతో బాపు తాడు కొక్కేన్ని ఎడమ పక్కన కత్తులు వేలాడే దారానికి తగిలించాడు. అంటే ప్రాణం కాపాడే ఇనుప రింగు మట్టికుండను భద్రంగా పట్టుకుంది. ప్రాణం దారానికి వేలాడింది. ఇసుక సంచిని వెయ్యిసార్లు పడేసినా ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే ఇసుక సంచి కల్లు గీయదు.

"ఒక కాగితం మీద రాసి బెల్టుతోని ఇద్దాం," అన్నాను. "రింగుకు లొట్టి తగిలియ్యొద్దని."

"మీ బాపు చెట్టు మీద సదువుకుంట ఎక్కుతడా?"

"అలవాటు మార్సుకొమ్మందాం మరి."

"మనిషి పాత మోడల్ నరేశూ. మారడు. బెల్టే మారాలె."

కాక రింగును ఎడమకు మార్చాడు. కుడి పక్కన లొట్టికి వేరే కొక్కెం కుట్టించాడు. లొట్టికి దాని చోటు దొరికింది, ప్రాణానికి దాని చోటు. ఆ తర్వాత బాపు ఎన్ని రకాలుగా తప్పు కట్టుకోవడానికి చూసినా కుదరలేదు. అప్పుడు కాక ఆ కొత్త బెల్టును షెడ్డుకు తీసుకుపోయి తెగేదాకా లాగాడు. రెండోది బాపుకు ఇచ్చాడు. మిగతావి మాధవి దుకాణానికి పోయాయి.

ఇక్కడితో మనిషి బాగుపడ్డాడని అనుకుంటే మీకు విఠల్ కాక అర్థం కానట్టే. మొన్న పొద్దున ఊరికి పోతే మళ్లీ అదే చెట్టు కింద అవే సంచులు. బాపు రెండో బెల్టుతో చెట్టు నెత్తిన ఉన్నాడు.

"సేటూ, బెల్టున్నది గద," అని పైనుంచి అరుస్తున్నాడు. "గా సంచులు తీసెయ్యరాదు. ఇజ్జత్ పోతుంది."

"బెల్టుకు సావొస్తే సంచులుండాలె బావా."

ఈ మనిషి తిక్క ఎక్కడ ఆగుతుందో చూద్దామని నేను అడిగాను: "మరి సంచులకు సావొస్తే కాకా? ఇంత ఎత్తుకెంచి పడితే ఆగుతయా?"

విఠల్ కాక సంచులను చూశాడు. చెట్టును చూశాడు. తర్వాత చొక్కా గుండీలు విప్పి, సంచుల పక్కన వెల్లకిలా పడుకుని, పొట్ట మీద రెండు చేతులతో తట్టి చూసుకున్నాడు.

"నేనున్న గద," అన్నాడు. "బావా, పడితే జర ఇటు పక్కకు పడు."