పరుపు మేడం పడుకుని చూసిన భవనం

పరుపు మేడం దేన్నయినా పడుకుని చూడందే ఒప్పుకోదు. మంచమైనా, బల్లయినా, గదైనా, వరండా అయినా ముందు చెప్పులు విడవాలి, కళ్ళజోడు పక్కవాళ్ళ చేతిలో పెట్టాలి, వెల్లకిలా పడుకుని రెండు చేతులూ పొట్టమీద చేర్చి పైకప్పుకేసి రెండు నిమిషాలు చూడాలి. ఆ తరవాత లేచి తిట్టడం మొదలుపెట్టాలి. విశ్వవిద్యాలయం వారి నర్సింగ్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న పెద్ద టీచరు ఆవిడ. అసలు పేరు ఆఫీసు గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"నిలబడి చూస్తే ఏం తెలుస్తుందర్రా? జబ్బు చేసినవాడు నిలబడి ఉంటాడా?" అనేది ఆవిడ వాదన.

వాదన బాగానే ఉంది. కానీ దాన్ని ఫర్నిచర్ షాపులోనూ, రైల్వే ప్లాట్‌ఫారం మీదా, చుట్టాల కొత్త ఇంట్లోనూ అమలు చేస్తే ఎలా? ఒకసారి షాపులో డబుల్ కాట్ మీద పడుకుని కళ్ళు మూసుకుందట. అటుగా వచ్చిన కొత్త దంపతులు షాపువాణ్ణి పక్కకి పిలిచి, "మంచం నచ్చింది గానీ, ఈవిడ కూడా దాంతోపాటే వస్తారా?" అని అడిగారట. ఆవిడ భర్త రిటైరైన బస్సు కండక్టరు, బహు నెమ్మదస్తుడు. ఎవరేం ఫిర్యాదు చేసినా, "నాకేం తెలుసు బాబూ, నేను చెప్పులకి కాపలా" అంటాడు.

ఆవిడ మీద అందరికన్నా ఎక్కువగా ఒళ్ళు మండేది చిన్న టీచరుకి. చిన్న టీచరు ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకుంది, ఇప్పుడు ఆవిడ పక్క బల్ల దగ్గరే ఉద్యోగం చేస్తోంది. నిక్కచ్చి మనిషి. రూలంటే రూలే. శిక్షణకి వచ్చిన పిల్లలు వార్డులో కళ్ళు తిరిగి పడిపోతే వాళ్ళ పేరు రాసే నల్ల అట్ట పుస్తకం ఆమె చేతిలోనే ఉంటుంది. మూడుసార్లు పేరెక్కితే ఆ పిల్ల ఈ వృత్తికి పనికిరాదని ఇంటికి పంపేస్తారు. ఆ రూలు పెట్టిన మహానుభావుడు జన్మలో వార్డు గడప తొక్కి ఉండడు. తొక్కి ఉంటే ఆయన పేరే మొదటి పేజీలో ఉండేది.

ఇలా ఉండగా విశ్వవిద్యాలయం ఆరోగ్య శాస్త్రాలకీ, నర్సింగ్ చదువుకీ కలిపి నాలుగంతస్తుల కొత్త భవనం కట్టింది. ప్రారంభోత్సవానికి వారం ఉందనగా టీచర్లని తీసుకెళ్ళి చూపించమని ఇంజినీరుని పంపారు. చిన్న టీచరు దారిపొడుగునా బతిమాలింది.

"మేడం, ఇవాళ ఒక్కరోజు నిలబడి చూడండి. మీకు దణ్ణం పెడతాను."

"అలాగేలే."

మొదటి గదిలోనే పడుకుంది. ఇంజినీరు నోరెళ్ళబెట్టాడు. చిన్న టీచరుకి తల కొట్టేసినట్టయింది.

"ఈ దీపం పెట్టినవాడెవడయ్యా? సూటిగా కళ్ళల్లోకి కొడుతోంది! వాణ్ణి ఇక్కడ ఒక రాత్రంతా పడుకోబెట్టు, బుద్ధొస్తుంది" అంది ఆవిడ కిందనుంచే.

రెండో గదిలో ఫ్యాను గొంతు బాగాలేదంది. మూడో గదిలో కిటికీలోంచి ఆకాశం కనపడట్లేదంది. "గోడ కనిపిస్తోంది. జబ్బుమనిషి గోడ చూస్తూ కోలుకుంటాడా, గోడకి తలకాయ కొట్టుకుంటాడా?" ఇంజినీరు చెమట తుడుచుకుంటూ రాసుకుంటున్నాడు. అందరూ కలిసి లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి అసలు రభస మొదలైంది.

ఆవిడ స్ట్రెచర్ తెప్పించి, దానిమీద పడుకుని, లోపలికి తొయ్యమంది. తోశారు. తల లోపలికి వెళ్ళింది, కాళ్ళు బయటే ఉండిపోయాయి. అడ్డంగా తిప్పారు, ఐమూలగా తిప్పారు. లిఫ్టు తలుపు పదకొండుసార్లు మూసుకోబోయి, పదకొండుసార్లూ ఆవిడ పాదాలకి జడిసి వెనక్కి పోయింది.

"నర్సులకి చదువు చెప్పే బిల్డింగులో పడుకున్న మనిషి పట్టని లిఫ్టా!" ఆవిడ అరుపుకి నాలుగంతస్తులూ మారుమోగాయి.

"ఇది కాలేజీ అండి, ఆసుపత్రి కాదు. ఇక్కడ పేషెంట్లెందుకుంటారు?" అన్నాడు ఇంజినీరు.

"శిక్షణ వార్డు మూడో అంతస్తులో పెట్టావు కదయ్యా. పిల్లలు స్ట్రెచర్ తొయ్యడం ఎక్కడ నేర్చుకుంటారు, మెట్ల మీదా? రేపు వీళ్ళు ఆసుపత్రికెళ్ళి, పేషెంటుని లేపి నిలబెట్టి, 'కాస్త సర్దుకుని నిలబడండి బాబూ' అనాలా?"

ఇంజినీరు అదీ రాసుకున్నాడు. చిన్న టీచరుకి మాత్రం కోపం ఆగలేదు. లిఫ్టు విషయంలో ఆవిడ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే మరింత మండింది. నిజం చెప్పేవాళ్ళు కాస్త నిలబడి చెప్పచ్చు కదా!

అది చాలదన్నట్టు ప్రారంభోత్సవం రోజు ఉపకులపతిగారి ఎదుట గాయానికి కట్టు కట్టి చూపించడానికి పరుపు మేడం పొడుగుపిల్లని ఎంచింది. ఆ పిల్ల దర్జీ కూతురు, మొదటి ఏడాది విద్యార్థిని. పేరుకి తగ్గట్టే తాటిచెట్టంత ఎత్తు. చేతులు మాత్రం బంగారం. కట్టు కడితే కట్టినట్టు కూడా తెలియదు. ఒకటే చిక్కు, రక్తం చూస్తే తట్టుకోలేదు. అప్పటికే నల్ల పుస్తకంలో రెండుసార్లు పేరెక్కింది, రెండూ పరుపు మేడం మోకాళ్ళ నొప్పితో సెలవులో ఉన్నప్పుడే. ఇంకొక్కసారి పడితే సర్టిఫికెట్లు చేతిలో పెట్టి పంపేస్తారు. మళ్ళీ చదివించే ఓపిక ఆ దర్జీకి లేదు.

"మేడం, మీకేమైనా న్యాయంగా ఉందా?" అని చిన్న టీచరు కస్సుమంది. "కట్లు నేర్పడానికి తెప్పించిన ఆ కొత్త మనిషిబొమ్మకి మీట నొక్కితే గాయంలోంచి ఎర్రనీళ్ళు కారతాయి. అంతమందిలో ఈ పిల్ల పడిపోతే? నేను రాయక తప్పదు. నన్ను చెడ్డదాన్ని చేస్తారా?"

"అందరికన్నా బాగా కట్టేది అదే కదా."

"పడిపోతే?"

"పడితే చూద్దాంలే. ముందు కట్టనీ."

చిన్న టీచరు మూడురోజులు తన బల్లని ఆవిడ బల్లకి దూరంగా జరుపుకుని కూర్చుంది. ఆవిడ అది గమనించనే లేదు.

ఆ రోజు రానే వచ్చింది. ఉపకులపతి రిబ్బను కత్తిరించారు, ఉపన్యాసం ఇచ్చారు, నర్సుల సేవాభావాన్ని ఇరవై నిమిషాలు పొగిడి, వాళ్ళ హాస్టల్లో నీళ్ళు రావట్లేదన్న సంగతి మర్చిపోయారు. తరవాత లిఫ్టులో పట్టక అందరూ మూడో అంతస్తుకి మెట్లెక్కి ఆయాసపడుతూ చేరారు. కొత్త వార్డులో మంచం మీద బొమ్మ సిద్ధంగా ఉంది. పొడుగుపిల్ల చేతులు కడుక్కుంది. మీట నొక్కారు. ఎర్రనీళ్ళు కారడం మొదలైంది.

పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. చేతులు మాత్రం ఆగలేదు. దూది అద్దింది, గాజుగుడ్డ పరిచింది, ఒక్క ముడత లేకుండా కట్టు చుట్టి, కొస లోపలికి మడిచి, బొమ్మతో "అయిపోయిందండి, ఇంక నొప్పి తగ్గుతుంది" అని మెల్లగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేలోపు పిల్ల మోకాళ్ళు మడతపడి, అంత పొడుగూ నేలమీద పరుచుకుపోయింది.

"అయ్యో, ఏమైంది?" అన్నారు ఉపకులపతి.

ఆయన మాట పూర్తి కాకముందే పరుపు మేడం చెప్పులు విడిచేసింది. కళ్ళజోడు తీసి ఉపకులపతిగారి చేతిలోనే పెట్టింది. పిల్ల పక్కన వెల్లకిలా పడుకుని, తన చేతిసంచిని పిల్ల పాదాల కిందకి తోసి, రెండు చేతులూ పొట్టమీద చేర్చుకుంది.

"ఏం లేదండి. ఈ వార్డులో మంచాలన్నీ చూశాం, నేల ఒక్కటి మిగిలిపోయింది. ఈ పిల్ల నాకు సాయం." తరవాత పక్కకి తిరిగి, "ఏమే పిల్లా, నేల చల్లగా ఉందా?" అంది.

పిల్ల కళ్ళు సగం తెరిచింది. "ఉంది మేడం" అంది నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

"నేలకేమైందండీ?" అన్నాడు ఇంజినీరు ఏడుపు గొంతుతో.

చిన్న టీచరు అప్పటికే నల్ల పుస్తకం తెరిచి పెన్ను మూత తీసింది. తేదీ కూడా వేసింది. పేరు రాయబోతూ పై పేరు చూసింది, ఆ పైది చూసింది, వెనక పేజీలు తిప్పింది. ఏళ్ళ తరబడి పేర్లు, పక్కనే తేదీలూ ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా పరుపు మేడం వార్డులో ఉన్న రోజున పడినది కాదు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. తను మొదటి ఏడాది చదివేటప్పుడు ఒక ముసలాయన కాలి పుండు విప్పుతుంటే చెవుల్లో హోరు మొదలైంది. అంతలో వెనకనుంచి ఈ గొంతే, "అమ్మాయ్, ఆ ఖాళీ మంచం మీద పడుకుని పరుపెలా ఉందో చెప్పు" అంది. పడుకుంది. పక్క మంచం మీద మేడం పడుకుంది. కాసేపటికి "కొంచెం గట్టిగా ఉంది మేడం" అని చెప్పింది. క్లాసంతటిలోనూ పరుపు పరీక్షకి తననే ఎంచారని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది. పదహారేళ్ళుగా ఆ గొప్ప తలుచుకుని మురిసిపోతూనే ఉంది!

చిన్న టీచరుకి పట్టరాని కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా లోకమంతా నవ్వుతుంటే ఒక్కమాట చెప్పని ఆ మనిషి మీద వచ్చింది, అంతకన్నా ఎక్కువ తనమీద తనకి వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి కూడా కోపంవల్లేనని అనుకుంది.

"ఏమ్మా, పుస్తకం తీశారు, ఏం రాస్తున్నారు?" అని అడిగారు ఉపకులపతి, చేతిలో కళ్ళజోడుతో.

"నేల సంగతండి" అంది చిన్న టీచరు. "ముగ్గురు పడుకుని చూడాలి. రూలంటే రూలండి."

"అలాగా! మంచి రూలే" అన్నారాయన.

ఆమె పుస్తకం మూసి ఇంజినీరు చేతిలో పెట్టి, చెప్పులు విడిచి, ఇస్త్రీ బట్టలతోనే పరుపు మేడం పక్కన వెల్లకిలా పడుకుంది. పిల్లలంతా కిసుక్కున నవ్వారు. పెద్దలు ఏం చెయ్యాలో తోచక పైకప్పుకేసి చూశారు.

"మేడం," అంది చిన్న టీచరు గుసగుసగా, "ఆ రోజు నా పరుపు నిజంగా గట్టిగానే ఉందా?"

"నోరు మూసుకుని పడుకో" అని కసిరింది పరుపు మేడం. "ఇంకో రెండు నిమిషాలు. దీని మొహంలోకి ఇంకా రంగు రాలేదు."