బామ్ని సా మిల్లు స్టార్టరు

1994 ఎండాకాలంలో నన్ను ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుగా మహారాష్ట్రలోని చంద్రపూర్‌కు వేశారు. చేరిన కొద్ది రోజులకే బామ్నిలోని ఒక సా మిల్లులో ప్రమాదం జరిగిందని కబురొచ్చింది. గుండ్రటి రంపం మీద పనిచేసే మల్లయ్య మిస్త్రీకి కుడిచేతి వేళ్ళు తెగిపోయాయి.

నేను వెళ్ళేసరికే తప్పు ఎవరిదో అందరూ తేల్చేశారు. కరెంటు పోయి రంపం ఆగిందట. పచ్చి టేకు చెక్క బ్లేడును పట్టేసిందట. మల్లయ్య దాన్ని లాగుతుంటే, స్విచ్ దగ్గరున్న బావమరిది రాజన్న చూసుకోకుండా మిషను వేశాడట. రాజన్నను ఠాణాలో కూర్చోబెట్టారు. మల్లయ్య భార్య, రాజన్నకు సొంత అక్కే, వాడి మొహం చూడనంది.

"మా అక్క బతుకు నేనెందుకు ఖరాబు జేస్త సారూ? స్విచ్ ముట్టనే లే," అని రాజన్న ఏడ్చాడు.

ఇక్కడ ఊరి పక్కనే కరెంటు తయారవుతుంది, ఊళ్ళో మాత్రం ఉండదు. ఇలాంటి చోట్ల కోసమే మోటారు స్టార్టరులో ఒక కాయిల్ ఉంటుంది. కరెంటు పోగానే అది పిడిని వదిలేస్తుంది. తిరిగి వచ్చినా, మనిషి వెళ్ళి పిడి వేస్తేనే మోటారు తిరగాలి. ఆ మిల్లులో వేసిన పిడి మళ్ళీ పడిపోకుండా సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టేశారు. రోజూ చూసే ట్యూబు కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. బ్లేడు వెనక, కోసిన చీలిక మూసుకోకుండా ఆపే ఇనుప పలకను కూడా ఎప్పుడో పీకేశారు. చెక్క బిగుసుకున్నది అందుకే. నాకు ఒళ్ళు మండిపోయింది.

బ్లేడు విప్పించి, అందరినీ దూరంగా నిలబెట్టి, మెయిన్ స్విచ్ తీయించి మళ్ళీ వేయించాను. స్టార్టరును ఎవరూ ముట్టకుండానే మోటారు గిర్రున తిరిగింది.

ఆస్పత్రికి వెళ్ళి మల్లయ్యకు ఇదే చెప్పి, ట్యూబు ఎవరు కట్టారని అడిగాను.

"నేనే కట్టిన సారూ. మాటిమాటికి కరెంటు పోతది, గంత దూరం పోయి ఎవడేస్తడు?"

మరి రాజన్న పేరు ఎందుకు చెప్పావన్నాను.

"మిషిన్ తిరగంగనే వాడే ఏసిండనుకున్న. ట్యూబు సంగతి యాదికి రాలే."

తన చేత్తో కట్టినదాన్నే మరిచాడన్న మాట నేను నమ్మలేదు. నివేదికలో మాత్రం అతను చెప్పినట్టే రాశాను. పక్కనే ఉన్న అతని భార్య లేచి ఠాణాకు బయల్దేరింది. రాజన్నను ఆ సాయంత్రం వదిలేశారు. అతను మళ్ళీ బావ గడప తొక్కలేదని తర్వాత విన్నాను.

ఆపైన ఏ సా మిల్లుకు వెళ్ళినా, బ్లేడు పదును చూసే ముందే మెయిన్ తీయించి వేయించేవాణ్ణి. రంపం దానంతటది తిరిగితే, యజమాని ఏం చెప్పినా వినకుండా పని ఆపించేవాణ్ణి. ప్రమాదం జరిగిన చోట జనం ముందు మనిషిని వెతుకుతారు. నేను స్టార్టరు దగ్గర మొదలుపెట్టడం నేర్చుకున్నాను.