కంగారు పిల్ల సంగతి చెప్పి మా పాపను కాపాడిన మేడమ్

నిన్న ఉదయం కడప నుంచి ఫోన్ వచ్చింది. సుశీల మేడమ్ ఇక లేరన్నారు.

హార్ట్ ఎటాక్ అట.



కల్లూరులో మా కింది పోర్షన్‌లో ఉండేవారు. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. నేను ఏడో తరగతి దాకే చదివాను. మెట్ల దగ్గర ఎదురైతే తల దించుకుని పోయేదాన్ని.

మా పాప ఏడో నెలలోనే పుట్టింది. చాలా రోజులు హాస్పిటల్లో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ గట్టిగా చెప్పారు. కిడ్నీలు ఇంకా లేతగా ఉన్నాయి, పాలు తప్ప చుక్క నీళ్లు కూడా ఇవ్వొద్దని.

అది మే నెల.

మాది మగ్గం నేసే కుటుంబం. ఎండాకాలం పసిపిల్లలకు నూలు వత్తి నీళ్లలో ముంచి నోట్లో పెట్టడం మా ఇంట్లో అలవాటు. అత్త వత్తి తడిపి తెచ్చింది. వద్దనాలి. పాపను ఒళ్లోకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాను.

అప్పుడే మేడమ్ పాపను చూడ్డానికి పైకి వచ్చారు. వత్తిని చూశారు, నా ముఖం చూశారు. అత్తతో మాట కలిపారు.

"లక్ష్మక్కా, కంగారు పిల్ల పుట్టినప్పుడు ఎంత ఉంటాదో తెలుసా? చిక్కుడు గింజంత."

"ఇప్పుడు దాని మాటెందుకు మేడమ్? బిడ్డకి దప్పికైతాంది."

మేడమ్ నింపాదిగా కూర్చుని చెప్పారు. ఆ పిల్ల పుట్టేసరికి దానికి అసలు కిడ్నీలు తయారై ఉండవట. కొన్నాళ్లు పనిచేసే తాత్కాలిక కిడ్నీలతో పుడుతుందట. తల్లి సంచిలో పాలు తాగుతూ ఉంటే అసలువి మెల్లగా తయారవుతాయట. దాహానికైనా ఆకలికైనా దానికి పాలేనట.

"మన పాపకి అసలువే ఉండాయి. కానీ శానా లేతవి. నీళ్లు పోస్తే తట్టుకోలేవు, ఫిట్స్ వస్తాయి."

"అంటే నా మనవరాలు కంగారు పిల్లంటారా?"

"సంచి లేదు, అంతే."

అత్త నవ్వింది. వత్తి మాత్రం వదల్లేదు.

మేడమ్ నా వైపు తిరిగారు. "నేను రోజూ వచ్చి కాపలా ఉండలేను. తల్లివి నువ్వు. నువ్వు చెప్పు."

"వద్దత్తా," అన్నాను.

పెళ్లయ్యాక అత్తకు ఎదురు చెప్పడం అదే మొదలు.

"అబ్బో, నీకూ నోరుండాదే," అని అత్త వత్తి పారేసింది. "పాలు తాపుపో."

పాపకిప్పుడు మూడేళ్లు. మేడమ్‌కు ఒక్కసారైనా థ్యాంక్స్ చెప్పలేదు. ఎదురుపడితే మాట వచ్చేది కాదు. ఇక ఎదురుపడరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోయి రండి మేడమ్. మీరెక్కడున్నా నిమ్మళంగా ఉండాలి.