వరండాలో లాప్‌టాప్, గదిలో ప్రింటర్

2009 నవంబరులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పరీక్షలకు నన్ను రేణిగుంట దగ్గరి ఒక ప్రైవేటు కాలేజీకి పరిశీలకురాలిగా వేశారు. అప్పటికి నేను తిరుపతిలో ఫిజిక్స్ చెబుతూ పంతొమ్మిదేళ్లయింది. పరిశీలకురాలంటే యూనివర్సిటీ తరఫున వచ్చిన కన్ను. ప్రిన్సిపాల్ మాట వినక్కర్లేదు, ప్రిన్సిపాల్‌కు ఆజ్ఞలూ ఇవ్వదు. చూసింది రాసి పంపుతుంది.

అప్పుడప్పుడే ప్రశ్నపత్రాలు సీలు కవర్లలో కాక ఇంటర్నెట్‌లో రావడం మొదలైంది. పరీక్ష పదింటికైతే తొమ్మిదింపావుకు పత్రాలు సిద్ధంగా ఉంటాయి. వాటిని తెరిచే పాస్‌వర్డు తొమ్మిదిన్నరకు నా సెల్‌ఫోనుకు వస్తుంది. యూనివర్సిటీలో నమోదైన ఒక్క డెస్క్‌టాప్‌లోనే అవి తెరుచుకుంటాయి. పెన్‌డ్రైవ్ పెట్టే వీలు లేకుండా దాని యూఎస్‌బీ పోర్టులన్నీ మూసేసి ఉంటాయి. ప్రింటు తీసి, జిరాక్స్ చేసి, గదులవారీగా కవర్లలో సర్దాలి. ప్రింటు చెడితే ఆ కాగితాన్ని కూడా పరిశీలకురాలి ఎదుటే కొట్టేసి, వేరే కవరులో వేయాలి.

మూడో రోజు ఉదయం నేను వెళ్లేసరికి ఇంటర్నెట్ లేదు. బయటికి వెళ్లి చూస్తే ఫోన్ తీగ గోడ పక్కన వేలాడుతోంది. దాని కొస తెగినట్టు లేదు, నున్నగా కోసినట్టుంది. నాకు అప్పుడే మనసులో ముల్లు గుచ్చుకుంది.

పరీక్షల ఇన్‌ఛార్జి పురుషోత్తం గారు కంగారుగా అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆయన మెకానికల్ లెక్చరర్, నా ఈడువారు, మర్యాదస్తులు. ఇంతలో ల్యాబ్ అసిస్టెంటు మస్తాన్ ఒక పాత లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. అతనికి ముప్పై అయిదేళ్లుంటాయి. రోజూ శ్రీకాళహస్తి నుంచి బస్సులో వచ్చేవాడు.

"నా దగ్గర డేటా కార్డు ఉండాది మేడమ్. దీన్నుంచి కేబుల్ ఏసి ఆ డెస్క్‌టాప్‌కు నెట్ ఇస్తా. పది నిమిషాలు సాలు" అన్నాడు.

తీగ ఈ రోజే తెగడమేమిటి, ఇతని సంచిలో సరిగ్గా ఈ రోజే లాప్‌టాప్ ఉండడమేమిటి? ఆ మాటే అడిగాను.

"రోజూ తెస్తా మేడమ్. సాయంత్రం ఇంటికాడ టైపింగ్ పని సేసుకుంటా."

నాలుగు వందల మంది పిల్లలు బయట నిలబడి ఉన్నారు. ఒప్పుకున్నాను.

డేటా కార్డు లాప్‌టాప్‌లో పెట్టాడు. లాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ తెచ్చి డెస్క్‌టాప్ వెనక గుచ్చాడు. లాప్‌టాప్‌లో కనెక్షన్‌ను పంచుకునే గడిలో టిక్కు పెట్టాడు. గాలిలో వచ్చిన ఇంటర్నెట్ లాప్‌టాప్‌లో దిగి, తీగ మీదుగా డెస్క్‌టాప్‌కు చేరుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఆ గదిలో సిగ్నల్ అందదు. లాప్‌టాప్ వరండాలో కిటికీ దగ్గర ఉండాలి, డెస్క్‌టాప్, ప్రింటర్ లోపల ఉన్నాయి. రెండు చోట్లా నేను ఉండలేను.

పాస్‌వర్డు కొట్టి, మొదటి పత్రం తెరుచుకోవడం చూసి, వరండాలోకి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. లోపల పురుషోత్తం గారున్నారు కదా అనుకున్నాను.

నాలుగు శాఖల పత్రాలు ఒకదాని తరువాత ఒకటి దిగాలి. మధ్యలో ఏమీ దిగకపోయినా డేటా కార్డు దీపం మినుకుమంటూనే ఉంది.

"ఇప్పుడేం పోతోంది దీంట్లో?" అని పక్కన నిలబడ్డ మస్తాన్‌ను అడిగాను.

"ఏం పోలేదు మేడమ్. టవర్‌తో ఊరికే అట్ల మాట్లాడతా ఉంటాది."

నాకు నమ్మకం కలగలేదు. లోపలి నుంచి పురుషోత్తం గారు "ఒక కాగితం ఇరుక్కునింది మేడమ్, తీసేసినా" అన్నారు. దీపం మీంచి చూపు తిప్పకుండానే సరేనన్నాను.

పని ముగియగానే లాప్‌టాప్‌ను బ్రౌన్ పేపరులో చుట్టించి, లక్కతో సీలు వేయించాను. మస్తాన్ మొహం వాడిపోయింది. పొట్లం మీద సంతకం పెట్టమంటే పెట్టాడు.

పదిన్నర దాటాక రెండో అంతస్తు మరుగుదొడ్డి కిటికీలో ఒక మడత కాగితం దొరికింది. ఆ రోజు మెకానికల్ పత్రం మొదటి పేజీ. పక్కన పెన్సిల్‌తో జవాబులు. నేను క్షణం ఆలోచించలేదు. యూనివర్సిటీ పరీక్షల విభాగానికి సెల్‌లో చెప్పి రాయించాను: బయటి లాప్‌టాప్ ద్వారా పత్రం బయటికి పోయినట్టు అనుమానం, దాని యజమాని మస్తాన్. ప్రిన్సిపాల్ పక్కనే విన్నారు. పావుగంటలో మస్తాన్‌ను గేటు దాటించారు.

మధ్యాహ్నం లైన్‌మన్ వచ్చాడు. తుప్పు పట్టిన తీగ ఉదయం తానే కోసి, కొత్త ముక్క కోసం వెళ్లానన్నాడు. దొరికిన కాగితం మళ్లీ బయటికి తీశాను. ఒక మూల విసనకర్రలా ముడతలు పడి ఉంది, అక్షరాలు ఏటవాలుగా దిగాయి. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం అది. చెడిన ప్రింట్ల కవరు తెరిచాను. ఖాళీ.

పురుషోత్తం గారిని పిలిచి రెండూ బల్ల మీద పెట్టాను.

"మా అక్క కొడుకు మేడమ్" అన్నారు. "రెండుసార్లు తప్పినాడు. ఈసారి పోతే సదువు మానేస్తానన్యాడు."

సాయంత్రం నాలుగు గంటలకు రెండో నివేదిక ఫ్యాక్స్ చేశాను. ఆ కుర్రవాణ్ని డిబార్ చేశారు. పురుషోత్తం గారిని పరీక్షల పని నుంచి తప్పించారు. మస్తాన్‌ను మాత్రం కాలేజీ తిరిగి తీసుకోలేదు. పేరు ఒకసారి ఫైలుకెక్కిందన్నారు. ఇంకో కాలేజీలో అతని కోసం అడిగాను. "అదే మస్తానా మేడమ్?" అని అవతలివారు ఫోన్ పెట్టేశారు.

యూనివర్సిటీ మనిషి వచ్చి చూడాలి కనుక లాప్‌టాప్ మూడు వారాలు సీలులోనే ఉంది. చివరికి చూసేదేమీ లేదని, అలాగే ఇచ్చేయమన్నారు. నేనే శ్రీకాళహస్తి వెళ్లి మస్తాన్ ఇంట్లో ఇచ్చాను. అతను కూర్చోమన్నాడు. తరువాత పొట్లాన్ని వెలుతురుకు తిప్పి, ఒక్కో లక్కముద్ర వేలితో తడిమి, తన సంతకం సరిచూసుకున్నాడు.

"ఎవురన్నా తెరిసినారేమో సూసుకోవాల గదా మేడమ్" అన్నాడు.

అవునన్నాను. అన్నీ చూసుకున్నాకే రసీదు మీద సంతకం చేశాడు.

ఆ తరువాత పదకొండేళ్లు పరీక్షల విధుల్లో ఉన్నాను. అనుమానించడం మానలేదు, అది ఆ ఉద్యోగంలో పనే. కానీ నాకు తెలియని యంత్రాన్ని అనుమానించి, తెలిసిన మనిషిని వదిలేశానని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి మొదటి నివేదికలో ఏం చూశానో, ఎన్ని గంటలకు చూశానో, ఆ సమయంలో ఏది చూడలేదో మాత్రమే రాసేదాన్ని. పేరు రాయలేదు. రెండో నివేదిక మొదటిదాన్ని సరిదిద్దుతుంది, కానీ మొదటిది చదివినవాళ్లంతా రెండోది చదవరు.