గెడ్డ వైపు వదిలిన దారి

తుమ్మపాల చుట్టుపక్కల చెరకు నరికే ముఠాలు చాలానే ఉన్నాయి గానీ, ఆడమనిషి మేస్త్రిగా ఉన్నది గంగాభవాని ముఠా ఒక్కటే. పని తెలిసిన మనిషి, నోరు కూడా తక్కువదేం కాదు. మొన్న మాఘంలో ఆ నోరే కొంప ముంచబోయింది.

ముఠా వాళ్లు తోటను నాలుగు వైపుల నుంచీ నరుక్కుంటూ లోపలికి వస్తారు. చివరికి నడుమ గదంత ముక్క మిగులుతుంది. తోటలో తలదాచుకున్న కుందేళ్లన్నీ అందులోకే చేరతాయి. ఆ ముక్కలో ఏది దొరికినా ముఠాదే. తోట రైతు కూడా అడగడు.

ఆ రోజు నీళ్లు పారే గెడ్డ పక్క తోటలో గంగాభవాని ఆకు తప్పించి చూసేసరికి మూడు కూనలు. ఒళ్లంతా మచ్చలు.

“సిరతపిల్లలర్రా!” అని కేకేసింది.

ఆ కేక విని మరిది నానాజీ పరిగెత్తుకొచ్చాడు. ఫొటో తీసి ఫోన్‌లో స్టేటస్ పెట్టేశాడు. మధ్యాహ్నానికల్లా పట్నం నుంచి ఎవరో ఫోన్ చేసి, కూనల్ని కొంటాను, సాయంత్రం బండి తెస్తానన్నాడు. నానాజీ కాళ్లు నేలమీద నిలవలేదు.

గంగాభవానికి మాత్రం ఎందుకో మనసు పీకింది. అటవీశాఖలో బీట్ ఆఫీసరుగా చేస్తున్న సుమశ్రీకి ఫొటో పంపి ఫోన్ చేసింది.

“చిరుతలు కావమ్మా, అవి బావురుపిల్లి కూనలు,” అంది సుమశ్రీ ఫొటో చూసి. “గెడ్డల్లో చేపలు పట్టుకుని బతికే పిల్లి. ఇప్పుడు ఎక్కడా పెద్దగా మిగల్లేదు. వాటిని అమ్మినా కొన్నా జైలే. మీరు ముట్టుకోకండి, తల్లే తీసుకుపోతుంది. నేను బయలుదేరాను.”

తల్లి ఎటు నుంచి వస్తుంది? మూడు వైపులా అప్పటికే నరికేశారు. గెడ్డ వైపు ఒక్కటే ఇంకా కత్తి పడక చెరకు నిలబడి ఉంది. అదీ నరికేస్తే కూనలు బండివాడి పాలే.

“కత్తులు కింద ఎట్టండి,” అంది గంగాభవాని.

“ఆకరి ముక్క ముఠాది వొదినా! నువ్వెలా కాదంతావు?” నానాజీ గొంతు లేచింది.

“మేత్రిని నేను. గెడ్డ ఏపు ఒక్క సెరకు గెడ కూడా నరకడానికి ఈల్లేదు.”

జనం గొణిగారు. పూట పని పోయిందన్నారు. రేపటి నుంచి వేరే ముఠాలోకి పోతామని ఇద్దరు మొహం మీదే అనేశారు. అంతమందినీ కూడగట్టుకోవడానికి ఆమెకు ఏళ్లు పట్టింది. ముఠా చెదిరిపోతుందేమోనని లోపల భయంగానే ఉంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. అందరినీ దూరంగా గట్టు మీద కూర్చోబెట్టింది.

పొద్దు వాలుతుండగా జమ్ములోంచి తల్లి వచ్చింది. పొట్టికాళ్లు, తడి ఒళ్లు. ఒక కూనను నోట కరుచుకుని గెడ్డలోకి దిగిపోయింది. ఇంతమంది మనుషుల్ని చూసింది కదా, ఇక రాదనుకున్నారు. వచ్చింది. రెండోదాన్నీ తీసుకుపోయింది. గొణుగుళ్లు ఆగిపోయాయి. నానాజీ కూడా తల్లి మళ్లీ ఎప్పుడొస్తుందా అని జమ్ము వైపే చూస్తున్నాడు.

మూడోది అరుస్తూనే ఉంది. అప్పుడే రోడ్డు మీద బండి ఆగింది. నానాజీ లేచాడు. గంగాభవాని కేకేయబోయి ఆగింది. కేకేస్తే తల్లి బెదిరిపోతుంది, ఊరుకుంటే మరిది కూనను అమ్మేస్తాడు. నోరు గట్టిగా మూసుకుంది.

నానాజీ రోడ్డెక్కి బండివాడి భుజం మీద చెయ్యేసి, తోటకు వీపు పెట్టేలా తిప్పాడు.

“తొందరేటి బావా? ముందు టీ తాగుదాం రా,” అంటూ బడ్డీ వైపు నడిపించుకుపోయాడు. సుమశ్రీ జీపు వచ్చేదాకా మాటల్లో పెట్టి కదలనివ్వలేదు. బండిలో వలా, ఇనప బోనూ దొరికాయి.

ఈలోగా మూడో కూన కూడా గెడ్డ దాటింది.

పోతామన్న ఇద్దరూ మర్నాడు అందరికంటే ముందే వచ్చారు. ఇప్పుడు ఆ ముఠా ఏ తోటలో దిగినా నాలుగు వైపుల నుంచీ నరకదు. కత్తి పట్టేముందు నానాజీయే అడుగుతాడు:

“వొదినా, ఆటికి దారి ఎటేపు వదలమంతావు?”